‘జవాత్‌ఫిచ్’ అంటే ఏంటి, ఎలా వాడాలి: ఒక పోలిష్ మాటను మొదటి నుంచి చివరిదాకా నేర్చుకునే పద్ధతి

పోలండ్‌కి చదువుకోవడానికో పనికో వచ్చిన మనవాళ్లు మొదటి రెండు మూడు నెలల్లో తప్పకుండా అడిగే మాట ఇది. "అన్నా, జవాత్‌ఫిచ్ అంటే ఏంటి? ఒకచోట పూర్తిచేయడం అని ఉంది, ఇంకోచోట సంపాదించడం అని ఉంది, మరోచోట ఏకంగా చంపడం అని చూపిస్తోంది. ఏది నమ్మాలి?"

అన్నీ నమ్మొచ్చు. ఏ అర్థం ఎప్పుడు వస్తుందో ఆ మాట పక్కన ఏముందో చూస్తేనే తెలుస్తుంది. అందుకే దీన్ని అర్థాల జాబితాగా బట్టీపడితే ఎన్నాళ్లయినా నోటికి రాదు. పక్క మాటలతో కలిపి నేర్చుకుంటే వారంలో వాడేస్తారు. ఎలాగో వరుసగా రాస్తున్నాను. ఇదే పద్ధతి వేరే క్రియలకీ పనికొస్తుంది.

రాత గురించి ఒక్క మాట. పోలిష్ మాటల్ని మన లిపిలోనే రాశాను. దీర్ఘం ఉన్నచోట గొంతు కాస్త ఒత్తాలి, అంతే. పోలిష్‌లో మనలాగా దీర్ఘాలు, హ్రస్వాలు లేవు.

1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- ఒక నోట్‌బుక్, అందులో ఈ ఒక్క మాటకే ఎదురెదురుగా రెండు పేజీలు.
- ఫోన్‌లో పోలిష్ కీబోర్డ్. ఎల్ మీద వేలు కాసేపు నొక్కిపెడితే అడ్డగీత ఉన్న ఎల్ వస్తుంది. కంప్యూటర్‌లో పోలిష్ లేఅవుట్ పెట్టుకుని కుడివైపు ఆల్ట్ నొక్కి ఎల్ కొట్టాలి.
- రెండు నిఘంటువులు, రెండూ పోలిష్-పోలిష్‌వే. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే, పీడబ్ల్యూఎన్ అనే ప్రచురణ సంస్థ నిఘంటువు ఒకటి. క్రాకూఫ్‌లోని పోలిష్ భాషా సంస్థ తయారుచేసిన పెద్ద నిఘంటువు ‘వ్యేల్కి స్వోవ్‌నిక్ యెంజీక పోల్స్‌క్యెగొ’ రెండోది.
- రోజుకి ఇరవై నిమిషాలు, వరుసగా ఆరు రోజులు.

పోలిష్-పోలిష్ అనగానే టెన్షన్ పడకండి. నిర్వచనం మొత్తం అర్థం కావాల్సిన పని లేదు. ఆ పేజీలో మనం వెతికేది మూడే: క్రియ పక్కన ఉండే ‘డీకే’, ‘ఎన్‌డీకే’ గుర్తులు (పని అయిపోయిందా, సాగుతోందా అని చెప్పేవి), ఉదాహరణ వాక్యాలు, కలిసి వచ్చే మాటల జాబితా. పెద్ద నిఘంటువులో ఒక్కో అర్థానికీ ఈ జాబితా విడిగా ఉంటుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది అదే.

ట్రాన్స్‌లేటర్ యాప్ చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తుంది. మొదట్లోనే తెరిస్తే ఒక్క అర్థం చూపించి మిగతావాటికి తలుపు మూసేస్తుంది.

2. ముందు నోరు తిరగాలి

మాట స్పెల్లింగ్ ఇది: జెడ్, ఏ, అడ్డగీత ఉన్న ఎల్, ఏ, టీ, డబ్ల్యూ, ఐ, నెత్తిన చిన్న గీత ఉన్న సీ. ఎనిమిది అక్షరాలు. చూడగానే మనవాళ్లు ‘జలాట్విక్’ అంటారు, ఎదుటివాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు.

అక్షరం అక్షరం చూద్దాం.

జెడ్: ‘జీవితం’లో జీ కాదు. ‘రోజు’ అన్నప్పుడు పలికే జు. మన భాషలో ఈ రెండు జ-లూ ఉన్నాయి కాబట్టి మనకిది సులువు.

గీత ఉన్న ఎల్: ఇందులో ‘ల’ అసలు లేదు. పెదాలు గుండ్రంగా చుట్టి ‘ఉఅ’ని గబుక్కున అన్నట్టు పలకాలి. మ్యాప్‌లో చూసి మనవాళ్లు ‘లోడ్జ్’ అని పిలిచే ఊరి అసలు పేరు ‘వూచ్’, అక్కడ మొదటి అక్షరం ఇదే. ‘వ్రోత్స్‌వఫ్’ ఊరి పేరు నడుమ ఉన్నదీ ఇదే.

డబ్ల్యూ: పోలిష్‌లో ఇది కింది పెదవికి పై పళ్లు ఆనించి పలికే వ. కానీ టీ పక్కన పడితే గొంతు పోయి ‘ఫ’ అయిపోతుంది. అందుకే త్‌వి కాకుండా త్‌ఫి.

గీత ఉన్న సీ: ‘చీర’లో చ. గీత లేని సీ అయితే ‘చాలు’ని మన ఇళ్లలో పలికే చ, అంటే త్స. పోలిష్ పాఠంలో విదేశీ విద్యార్థులు ఈ రెంటి దగ్గర చాలా అవస్థ పడతారు, మనకి అమ్మ నేర్పిన నోరే చాలు.

అన్నీ కలిపితే జ-వా-త్‌ఫిచ్. పోలిష్‌లో ఒత్తు దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. అందుకే మాట పొడుగైతే ఒత్తు జరుగుతుంది: జవాత్‌ఫిచ్, కానీ జవత్‌ఫీవెమ్.

మొదటి రోజు ఇంతే. ఇరవై సార్లు పైకి అనండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని నిఘంటువు యాప్‌లోని గొంతుతో పోల్చి వినండి. అర్థం జోలికి ఇవాళ వెళ్లొద్దు.

3. అర్థం: నాలుగు గళ్లు గీయండి

ఈ మాట లోపల ‘వాత్‌ఫి’ అనే ఇంకో మాట వినిపిస్తుంది, దానికి ‘సులువైన’ అని అర్థం. గుర్తుపెట్టుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది: ముడిపడి ఉన్నదాన్ని విప్పి ఒక కొలిక్కి తేవడం.

మన తెలుగులో దీనికి దగ్గర మాట ‘చేయడం’ కాదు, ‘చక్కబెట్టడం’. ఇంకా దగ్గర కావాలంటే హైదరాబాద్ కుర్రాళ్లు అనే ‘సెట్ చేయడం’. "రూమ్ సెట్ చేశాడు", "పార్ట్ టైమ్ సెట్ చేసుకున్నాను" అంటాం కదా, సరిగ్గా అదే వాడుక.

నోట్‌బుక్ ఎడమ పేజీ మధ్యలో మాట రాసి, చుట్టూ నాలుగు గళ్లు గీయండి.

- మొదటి గడి, పని చక్కబెట్టడం. జవాత్‌ఫిచ్ స్ప్రావె: ఒక పని, ఒక వ్యవహారం తేల్చేయడం. ఆఫీసు పనులు, బ్యాంకు, కాగితాలు అన్నీ ఇందులోకి వస్తాయి.
- రెండో గడి, సంపాదించిపెట్టడం. గది, ఉద్యోగం, టికెట్లు లాంటివి ఎవరికైనా దొరికేలా చూడటం. తెలిసినవాళ్ల ద్వారా అనే ఛాయ తరచుగా ఉంటుంది.
- మూడో గడి, మనిషి మీద వాడటం. దుకాణంలోనో కౌంటర్‌లోనో వచ్చినవాళ్ల పని చూసి పంపడం ఒక అర్థం, ఒకరి పని పట్టడం ఇంకో అర్థం. ‘చంపడం’ అని యాప్ చూపించింది ఇక్కడి నుంచే.
- నాలుగో గడి, ‘శె’ అనే చిన్న మాట తోడైతే వచ్చేది. దీనికి కింద ఒక పూర్తి భాగం కేటాయించాను, ఎందుకంటే పరువు పోయేది అక్కడే.

ప్రతి గడిలో ఒక్కటంటే ఒక్క వాక్యం రాయండి. నిఘంటువులో దొరికిన వాక్యాన్ని మీ జీవితానికి సరిపడేలా మార్చి రాయండి. వాళ్ల ఉదాహరణలో ఎవరి ఇల్లో ఉంటుంది, మీ పేజీలో మీ రూమ్ ఉండాలి.

4. ఒక్క క్రియ కాదు, జంట

పోలిష్‌లో చాలా క్రియలు జంటగా తిరుగుతాయి. ఇక్కడ జంట ‘జవాత్‌ఫ్యచ్’, ‘జవాత్‌ఫిచ్’. నిఘంటువులో మొదటిదాని పక్కన ఎన్‌డీకే ఉంటుంది, అంటే పని సాగుతున్నది లేదా మళ్లీ మళ్లీ జరిగేది. రెండోదాని పక్కన డీకే, అంటే పని అయిపోయింది.

వ్యాకరణ పుస్తకాలు దీన్ని చాలా పేజీల్లో వివరిస్తాయి కానీ తెలుగువాడికి ఒక్క పోలిక చాలు: ‘చేస్తున్నా’, ‘చేసేశా’.

- జవాత్‌ఫ్యమ్ వీజె: వీసా పని మీద తిరుగుతున్నాను.
- జవత్‌ఫ్యావెమ్ వీజె: వీసా పని మీద తిరిగాను. వచ్చిందో లేదో చెప్పలేదు.
- జవత్‌ఫీవెమ్ వీజె: వీసా పని అయిపోయింది, చేతిలో ఉంది.
- జవాత్‌ఫ్యె వీజె: వీసా పని చేసేస్తాను.

రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ తేడా మళ్లీ చదవండి. రెండిట్లోనూ కాలం భూతకాలమే. "మూడు నెలలు తిరిగాను" అనాలంటే రెండోది, "మూడు రోజుల్లో తెచ్చేశాను" అనాలంటే మూడోది. ఇంటి ఓనర్‌తో "నివాస కార్డు పని చేస్తూ ఉన్నాను" అనాలనుకుని "అయిపోయింది" అనేస్తే, ఆయన కార్డు చూపించమంటాడు.

నాలుగోదాంట్లో ఒక గమ్మత్తు ఉంది. డీకే క్రియకి వర్తమానం లేదు. వర్తమానంలా కనిపించే రూపమే భవిష్యత్తు. ‘చేసేస్తున్నాను’ అని మనం కూడా అయిపోబోయే పనికే కదా అంటాం.

రాసుకోవాల్సిన రూపాలు ఇవి, అన్నీ అక్కర్లేదు.

- సాగుతున్నది, ఇప్పుడు: జవాత్‌ఫ్యమ్ (నేను), జవాత్‌ఫ్యష్ (నువ్వు), జవాత్‌ఫ్య (ఆయన, ఆవిడ, మీరు)
- అయిపోయేది, ఇకముందు: జవాత్‌ఫ్యె (నేను), జవాత్‌ఫిష్ (నువ్వు), జవాత్‌ఫి (ఆయన, ఆవిడ, మీరు)
- అయిపోయింది, నేను: మగవాళ్లు జవత్‌ఫీవెమ్, ఆడవాళ్లు జవత్‌ఫీవమ్

చివరి వరుస జాగ్రత్త. తెలుగులో ‘నేను చేశాను’ అనడానికి ఆడా మగా తేడా లేదు కాబట్టి మన నోటికి ఇది అలవాటు లేని విషయం. అమ్మాయిలు అన్నయ్యల దగ్గర విని నేర్చుకున్న వాక్యాన్ని అలాగే అనేస్తారు. నోట్‌బుక్‌లో మీకు వర్తించే రూపం ఒక్కటే పెద్దగా రాసుకోండి, రెండోది చిన్నగా పక్కన.

కొత్తవాళ్లతో, పెద్దవాళ్లతో ‘నువ్వు’ రూపం వాడకూడదు. మన ‘మీరు’కి బదులు వాళ్లు మగవాళ్లకి ‘పాన్’, ఆడవాళ్లకి ‘పాని’ అని పెట్టి ఆయన-ఆవిడ రూపం వాడతారు. పాన్ జవాత్‌ఫి అంటే ‘మీరు చేసేస్తారు’.

5. పక్కన ఏముండాలి, ఏ రూపంలో ఉండాలి

దేన్ని చక్కబెడుతున్నామో ఆ మాట రూపం మారుతుంది. మనం ‘పని’ని ‘పనిని’ అన్నట్టే. ఆ చివర్ని వేరే పట్టికలో బట్టీపట్టకండి, క్రియతో అతికించి నేర్చుకోండి.

- స్ప్రావ: జవాత్‌ఫిచ్ స్ప్రావె
- ప్రాత్స (ఉద్యోగం): జవాత్‌ఫిచ్ ప్రాత్సె
- కార్త పొబీతు (నివాస కార్డు): జవాత్‌ఫిచ్ కార్తె పొబీతు
- పోకుయ్ (గది): జవాత్‌ఫిచ్ పోకుయ్, మార్పు లేదు
- మ్యెష్కాన్యె (ఇల్లు): జవాత్‌ఫిచ్ మ్యెష్కాన్యె, ఇదీ మారదు

ఇప్పుడు ‘న్యె’ పెట్టి కాదనండి. రూపం మళ్లీ మారిపోతుంది: న్యె జవత్‌ఫీవెమ్ స్ప్రావి, న్యె జవత్‌ఫీవెమ్ కార్తి పొబీతు, న్యె జవత్‌ఫీవెమ్ పొకోయు. అవును అన్నప్పుడు ఒక చివర, కాదు అన్నప్పుడు ఇంకో చివర. తెలుగులో ఇలాంటిది లేదు కాబట్టి దీనికి ఒక అలవాటు చేసుకోవాలి: ప్రతి వాక్యాన్నీ జంటగా రాయండి, పైన అవును, కింద కాదు. పది జంటలు రాసేసరికి చెయ్యే చెబుతుంది.

ఎవరికోసం చక్కబెడుతున్నామో అది మన ‘కి-కు’ లాంటి రూపంలో వస్తుంది. మి అంటే నాకు, చి అంటే నీకు, ము అంటే అతనికి, యెయ్ అంటే ఆమెకి, నమ్ అంటే మాకు. బ్రాత్ జవాత్‌ఫివ్ మి ప్రాత్సె అంటే అన్నయ్య నాకు ఉద్యోగం చూసిపెట్టాడు.

ఈ భాగం మీద ఒక రోజు కాదు, రెండు రోజులు ఉండండి. తొందరపడి దాటేస్తే తర్వాతవన్నీ కదులుతాయి.

6. ‘చి’, ‘చె’: ఒక్క అచ్చు తేడా

జవాత్‌ఫ్యె చి పోకుయ్ అంటే ‘నీకు గది చూసిపెడతాను’.

జవాత్‌ఫ్యె చె అంటే ‘నీ పని పడతాను’. ఇది బెదిరింపు.

చి అంటే ‘నీకు’, చె అంటే ‘నిన్ను’. మన భాషలో ఇలాంటి జంటే ఒకటి ఉంది, అది గుర్తుంటే ఈ తేడా జీవితంలో మర్చిపోరు: "నీ సంగతి నేను చూసుకుంటాలే" అంటే భరోసా, "నీ సంగతి చూస్తా" అంటే గొడవ.

దీన్ని పైకి అని సాధన చేయండి. చి అన్నప్పుడు పెదాలు సాగాలి, చె అన్నప్పుడు దవడ కిందికి దిగాలి. ‘ఎవరికి’ తర్వాత ‘ఏమిటి’ కూడా చెప్పేయడం ఇంకా మంచిది. పోకుయ్, ప్రాత్సె లాంటి మాట వెంటనే వస్తే చి కాస్త చెలా వినిపించినా అర్థం చెడదు.

7. ‘శె’ పెడితే బాత్రూమ్

మన ‘శ’కీ ‘ష’కీ ఉన్న తేడా పోలిష్‌లోనూ ఉంది. శె అన్నది మన శంఖంలో శ.

ఈ చిన్న మాట ఎన్నో పోలిష్ క్రియల పక్కన ఉంటుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు అలవాటుగా అన్నిటికీ తగిలించేస్తారు. జవాత్‌ఫిచ్‌కి మాత్రం మనిషో జంతువో కర్తగా ఉండగా శె తగిలిస్తే అర్థం ‘ఒంటికో రెంటికో వెళ్లడం’. ప్యెస్ శె జవాత్‌ఫివ్ న దివాన్యె అంటే కుక్క తివాచీ మీద పని కానిచ్చింది.

- మూషె తొ జవాత్‌ఫిచ్: నేను ఈ పని చూసుకోవాలి. ఇది అనొచ్చు.
- మూషె శె జవాత్‌ఫిచ్: నేను బాత్రూమ్‌కి వెళ్లాలి, అదీ కాస్త మోటుగా. ఇది ఆఫీసులో అనకూడదు.

‘నాకోసం నేనే’ అనాలంటే శె కాదు, ‘సోబ్యె’. జవత్‌ఫీవెమ్ సోబ్యె ప్రాత్సె అంటే ‘నాకు నేనే ఉద్యోగం చూసుకున్నాను’. తెలుగులో ‘చేసుకున్నాను’లోని ‘కొను’ పని ఇక్కడ సోబ్యె చేస్తుంది.

అయితే శె ఎక్కడ కనిపించినా భయపడాల్సిన పని లేదు. కర్త మనిషీ జంతువూ కానప్పుడు, ‘ఇది ఎలా జరుగుతుంది’ అని మామూలుగా అడిగినప్పుడు శె వస్తుంది, తప్పేం లేదు. గ్జె శె తొ జవాత్‌ఫ్య? అంటే ‘ఈ పని ఎక్కడ జరుగుతుంది?’ తొ శె జవాత్‌ఫి అంటే ‘అదే సర్దుకుంటుందిలే’. మీరు చూడాల్సింది ఒక్కటే, వాక్యంలో కర్త ఎవరు అని.

8. ఆఫీసు కాగితంలో ఈ మాట కనిపిస్తే

ఇది చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాట్లాడేటప్పుడు ‘జవత్‌ఫ్యోనె!’ అంటే ‘అయిపోయింది, నీ పని అయింది’. నేను వచ్చిన కొత్తలో హాస్టల్ గది మారాలని అడిగాను. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ రిజిస్టర్‌లో ఏదో కొట్టేసి, కొత్త తాళంచెవి బల్ల మీద నా వైపు జరిపి, ఆ ఒక్క మాటే అంది. అప్పటికి నాకు పోలిష్ పట్టుమని పది ముక్కలు రావు, అయినా అర్థం తాళంచెవితో పాటే చేతికొచ్చింది.

కాగితంలో అలా కాదు. అక్కడ ఈ మాటకి ‘నిర్ణయం తీసుకుని ఫైలు ముగించాం’ అని మాత్రమే అర్థం. నిర్ణయం ఏదైనా కావచ్చు. పక్కన ‘పొజితీవ్‌న్యె’ ఉంటే ఒప్పుకున్నారు, ‘ఒద్‌మోవ్‌న్యె’ ఉంటే తిరస్కరించారు. మన ఆఫీసుల్లో ఫైలు ‘డిస్పోజ్’ అయిందంటే మంజూరైనట్టు కాదు కదా, అలాగే.

నా స్నేహితుడొకడికి ఒక ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వాడు జవాత్‌ఫి- అనే మొదలు చూసి, పని అయిపోయిందనుకుని ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. సాయంత్రం రూమ్‌కి వచ్చి కాగితం నా చేతికిచ్చాడు. పక్కనే ‘ఒద్‌మోవ్‌న్యె’ ఉంది. అప్పీలుకి ఇచ్చిన గడువులో ఒక రోజు అప్పటికే పోయింది. మళ్లీ ఇంటికి ఫోన్ చేసేటప్పుడు వాడి ముఖం నాకింకా గుర్తుంది. ఒక్క క్రియా విశేషణం తెలియకపోవడం వల్ల ఎవరికీ అలాంటి రోజు రాకూడదు.

పోలండ్ పరిపాలనా విధానాల చట్టం 1960 నాటిది. దాని 35వ అధికరణ మొదట్లోనే, అధికారులు ‘జవాత్‌ఫ్యచ్ స్ప్రావి’ అనవసరమైన ఆలస్యం లేకుండా చేయాలని ఉంది. ఇక్కడ ‘జవాత్‌ఫిచ్’ కాకుండా ‘జవాత్‌ఫ్యచ్’ ఎందుకు పెట్టారో 4వ భాగం చదివినవాళ్లకి అర్థమవుతుంది: ఒక్క ఫైలు గురించి కాదు, ఎప్పుడూ చేస్తూ ఉండాల్సిన పని గురించి చెబుతున్నారు.

ఉత్తరం చేతికి రాగానే చూడాల్సినవి:

- జవాత్‌ఫి- అనే మొదలు ఉన్న మాట ఎక్కడుంది
- దాని ముందూ వెనకా పొజితీవ్‌న్యె ఉందా, ఒద్‌మోవ్‌న్యె ఉందా
- తేదీ, గడువు ఎన్ని రోజులు
- ఇవన్నీ చూశాకే ఇంటికి ఫోన్

9. రేపటి నుంచే వాడుకోగలిగే వాక్యాలు

వీటిని విడగొట్టకుండా ఉన్నది ఉన్నట్టు నోటికి పట్టించండి.

- హ్చావ్‌బిమ్ జవాత్‌ఫిచ్ కార్తె పొబీతు: నివాస కార్డు పని చూసుకుందామని వచ్చాను. అమ్మాయిలు ‘హ్చావబిమ్’ అనాలి.
- గ్జె మోగె తొ జవాత్‌ఫిచ్?: ఈ పని ఎక్కడ అవుతుంది?
- మోజ్న తొ జవాత్‌ఫిచ్ ప్షెజ్ ఇంతేర్నెత్?: ఇది ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చా?
- మామ్ త్సోశ్ దొ జవత్‌ఫ్యేన్య: నాకు కాస్త పనుంది. ఏం పని అని చెప్పాల్సిన అవసరం లేకుండా బయటపడటానికి ఇంతకంటే మర్యాదైన మాట లేదు.
- దా శె జవాత్‌ఫిచ్: చూద్దాంలే, అయిపోతుంది.
- ఒద్ రెంకి: అక్కడికక్కడే. జవత్‌ఫీవెమ్ తొ ఒద్ రెంకి అంటే ‘నిలబడ్డచోటే అయిపోయింది’.

ఇంకో రెండు మాటలు తెలిసి ఉండాలి కానీ నోట రానివ్వకండి. ‘పొ జ్నయొమోశ్చి’ అంటే తెలిసినవాళ్ల పలుకుబడితో. ‘న లేవొ’ అంటే దొడ్డిదారిన. ఎవరైనా "కార్డు న లేవొ చేయిస్తా" అంటే అది చట్టానికి విరుద్ధమైన పని అని తెలుసుకుని పక్కకి తప్పుకోవాలి, అందుకోసమే ఇక్కడ రాశాను.

కౌంటర్‌లో ఉన్న ఉద్యోగితో ‘మీరు నాకిది జవాత్‌ఫిచ్ చేసిపెడతారా’ అని నేరుగా అడగొద్దని నా సలహా. తెలిసినవాళ్ల ద్వారా అనే ఛాయ ఈ మాటలో ఉందని చెప్పాను కదా, ఏదో దారి చూపించమని అడిగినట్టు వినిపించొచ్చు. ‘గ్జె మోగె’ అని మొదలుపెడితే ఆ ఇబ్బంది లేదు.

10. ఆరు రోజుల వరుస

మొదటి రోజు: పలకడం మాత్రమే.

రెండో రోజు: నాలుగు గళ్లు, నాలుగు వాక్యాలు.

మూడో, నాలుగో రోజు: జంట రూపాలు, అవును-కాదు జతలు. రోజుకి పది జతలు చేత్తో రాయాలి.

ఐదో రోజు: 9వ భాగంలోని వాక్యాలు పైకి చదవాలి. అద్దం ముందు కాదు, నడుస్తూ. ట్రామ్ స్టాప్‌కి వెళ్లే దారిలో అనుకుంటూ వెళ్తే అసలు వాడాల్సిన చోట కూడా నడకలోనే నోటికొస్తాయి, కనీసం నాకు అలాగే వచ్చాయి.

ఆరో రోజు: వేట. పోలిష్ జాతీయ కార్పస్ అని ఒకటి ఆన్‌లైన్‌లో ఉంది, పత్రికల నుంచి, పుస్తకాల నుంచి, మాటల నుంచి సేకరించిన నిజమైన వాక్యాలు అందులో కోట్లాది మాటల మేర ఉంటాయి. మన మాట కొట్టి వచ్చిన మొదటి ఇరవై వాక్యాల్లో ప్రతిదాన్నీ నాలుగు గళ్లలో ఏదో ఒకదాంట్లో పెట్టండి. వాక్యం మొత్తం అర్థం కాకపోయినా ఫర్వాలేదు, పక్క మాట చూసి గడి చెప్పగలిగితే చాలు. ఎక్కడా పట్టనిది ఒకటో రెండో వస్తాయి, వాటిని కుడి పేజీ చివర రాసి పెట్టుకోండి.

11. మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పులు

‘బేండె జవాత్‌ఫిచ్’ అనడం. బేండె అంటే భవిష్యత్తు సూచించే మాట, అది సాగే క్రియతోనే వస్తుంది. కాబట్టి బేండె జవాత్‌ఫ్యచ్, లేదంటే బేండె లేకుండా జవాత్‌ఫ్యె. ఇది విన్నప్పుడల్లా సరిదిద్దుకోండి, ఒకసారి అలవాటైతే వదలదు.

వద్దు అని చెప్పడానికి ‘న్యె జావత్‌ఫ్’ అనడం. చెయ్యి అనేటప్పుడు జావత్‌ఫ్ సరైనదే. వద్దు అన్నప్పుడు మామూలుగా సాగే క్రియ వస్తుంది: న్యె జవాత్‌ఫ్యయ్.

వంటకి, హోంవర్క్‌కి ఈ మాట వాడటం. మన ‘చేయడం’ అన్నిటికీ పనికొస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది. వంట చేయడానికి ‘జ్రోబిచ్’ వాడాలి. జవాత్‌ఫిచ్ ఓబ్యత్ అంటే భోజనం వండినట్టు కాదు, ఎక్కడి నుంచో భోజనం ఏర్పాటు చేసినట్టు.

కొనుక్కున్నదాన్ని కూడా ‘జవత్‌ఫీవెమ్’ అనడం. దుకాణంలో డబ్బిచ్చి తెచ్చుకున్న టికెట్‌కి ‘కొన్నాను’ అంటే సరిపోతుంది. జవత్‌ఫీవెమ్ అంటే తిరిగి, అడిగి, ఎలాగోలా దొరకబుచ్చుకున్నట్టు ఉంటుంది.

గీతలు లేకుండా రాయడం. మెసేజ్‌లో పోలిష్ వాళ్లూ అలా రాస్తారు, అర్థమవుతుంది. దరఖాస్తులో మాత్రం ప్రతి గీతా పెట్టాలి.

12. వచ్చిందో లేదో చూసుకోవడం

నోట్‌బుక్ మూసేసి ఈ ఐదూ పోలిష్‌లో అనండి, ఆలోచించడానికి ఒక్కోదానికి ఐదు సెకన్లే.

- కార్డు పని మీద తిరుగుతున్నాను.
- కార్డు పని అయిపోయింది.
- కార్డు పని అవ్వలేదు.
- నీకు గది చూసిపెడతాను.
- ఈ పని ఎక్కడ అవుతుంది?

మూడోదాంట్లో ‘కార్తె’ అని వచ్చిందంటే 5వ భాగానికి వెళ్లండి, ‘కార్తి’ రావాలి. నాలుగోదాంట్లో చె వచ్చిందంటే 6వ భాగం.

ఐదూ సరిగ్గా వచ్చాక ఒక పోలిష్ స్నేహితుడి దగ్గరో, పక్క గదివాళ్ల దగ్గరో ఇవే వాక్యాలు అని "తక్ శె మూవి?" అని అడగండి. ‘ఇలా అంటారా?’ అని దాని అర్థం. ‘తప్పుందా’ అని అడిగితే మొహమాటానికి "బాగుంది బాగుంది" అంటారు. ఇలా అడిగితే మాత్రం వాళ్లు ఒక్క క్షణం తమలో తాము అనుకుని చూసి, ‘అనం’ అనో ‘అంటాం, కానీ ఇంకోలా’ అనో నిజం చెబుతారు. ఆ ‘ఇంకోలా’ని కుడి పేజీలో తేదీతో రాసుకోండి.

తర్వాత మాటగా ‘ఉమూవిచ్ శె’ తీసుకోండి, డాక్టర్ దగ్గరో ఆఫీసులోనో మీకోసం అపాయింట్‌మెంట్ పెట్టుకోవడానికి అదే కావాలి. అక్కడ లెక్క తిరగబడుతుంది, మనిషి కర్తగా ఉండగా శె ఉండి తీరాలి.